తెల్లవారగట్ల చెమట

ఫారో దీవులు, 14 అక్టోబరు 1962

అక్కా,

కాగితానికి గొర్రె కొవ్వు వాసన వస్తే తిట్టుకోకు. గొర్రెల కోతలు నిన్ననే ముగిశాయి. చేతులు ఎంత తోమినా ఆ జిడ్డు వదలడం లేదు. ఈ ఏడు గొర్రెలు బాగా బలిశాయి. ఆరబెట్టే కొట్టు నిండా మాంసం వేలాడదీశాం. గాలి పొడిగా, చల్లగా, పలకల సందుల్లోంచి సరిగ్గా తగులుతోంది. అత్తమ్మ మాటిమాటికీ కొట్టు తలుపు తీసి వాసన చూసి వస్తోంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. మా ఆయన యాల్మర్ కోతలు కాగానే చేపల ట్రాలర్ ఎక్కి ఐస్‌లాండ్ వైపు వెళ్ళాడు. మళ్ళీ వసంతానికే.

నువ్వు అడిగావు కదా, హానుస్ ఎలా ఉన్నాడని. ఏడాదిన్నర దాటింది. బుగ్గలు బొమ్మకు పెట్టినట్టు గుండ్రం. పొట్ట చూస్తే నవ్వొస్తుంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి గానీ పొట్ట మాత్రం మనిషి కంటే ముందు గుమ్మం దాటుతుంది. రేవులో మగవాళ్ళు వాణ్ణి "బిషప్పు గారూ" అని పిలుస్తారు. "బిషప్పు గారూ, పొద్దున్నే ఏం మింగారు?" అంటే వీడు పొట్ట మీద చరుచుకుని చూపిస్తాడు. అత్తమ్మ మురిసిపోతుంది. వాడి పొట్ట ఆవిడ వంటకు మెడల్ అనుకుంటుంది.

ఒక్క సంగతి మాత్రం నా మనసులో ముల్లులా ఉంది. వీడికి ఇంకా రాత్రి పాలు కావాలి. రెండుసార్లు లేస్తాడు. ఏడుపు కాదక్కా అది, సన్నగా కుక్కపిల్లలా మూలుగుతాడు. నిద్ర పట్టి నేను లేవకపోతే, తెల్లవారగట్ల మెడ వెనక తడిగా ఉంటుంది. ఈ చలిలో చెమటేమిటి చెప్పు? కళ్ళు తెరిచి ఉంటాయి, నన్ను చూడవు. రొమ్ము నోట్లో పెట్టి కాసేపు ఓపిక పడితే మనిషి మళ్ళీ వాడిలోకి వచ్చినట్టు చూస్తాడు, నవ్వుతాడు.

ఇప్పుడు నాకు మూడో నెల. పాలు తగ్గిపోతున్నాయి. అత్తమ్మ అంటుంది: "రాత్రి తిండి వల్లే ఆ పొట్ట. పసిగుడ్డా వాడు? మాన్పించు. నా పిల్లలంతా ఏడాదికల్లా తెల్లారేదాకా మేకు కొట్టినట్టు పడుకునేవాళ్ళు." నిజమే కావచ్చు. అయినా నిన్నొక మాట అడుగుదామని. నువ్వు పట్నంలో నాలుగు రకాల వాళ్ళను చూస్తుంటావు.

నీ చెల్లెలు,
సోల్వా

---

కోపెన్‌హాగెన్, 2 నవంబరు 1962

చెల్లీ,

నీ ఉత్తరం మా రొట్టెల కొట్టులో కౌంటర్ వెనక నిలబడి చదువుకున్నాను. నాతో పనిచేసే లీస్ ముక్కు చిట్లించి "ఏంటీ వాసన?" అంది. "మా ఊరు" అన్నాను. తాజా రొట్టెల వాసన మధ్యలో ఆ కొవ్వు వాసన పీల్చుకుని ఎంత తృప్తి పడ్డానో నీకు చెప్పినా నమ్మవు.

మూడో నెల అని ఆ మాట అంత చివర్లో రాస్తావా? నేనైతే మొదటి లైనులోనే రాసేదాన్ని, ఎర్ర సిరాతో. మా ఆయనకు చెప్తే ట్రామ్ డ్యూటీకి వెళ్తూ ఈలపాట పాడాడు.

ఇక హానుస్ సంగతి. మొదటిసారి మీ అత్తమ్మ మాటా, ఇక్కడి పత్రికల మాటా ఒకటైంది, అందుకే భయపడకుండా విను. మా కొట్టులో వారం వారం వచ్చే ఆడవాళ్ళ పత్రికలో పిల్లల పెంపకం పేజీ ఉంటుంది. అందులో ఏం రాశారంటే: ఏడాది దాటిన బిడ్డకు రాత్రి తిండి అవసరం లేదు, అది అలవాటే, ఆకలి కాదు. తల్లి గుండె గట్టి చేసుకుని కొన్నాళ్ళు పట్టించుకోకపోతే వాడే మానేస్తాడు. దంతాలకూ మంచిది, కడుపులో ఉన్న బిడ్డకూ మంచిది. ఇక్కడ అందరూ అలాగే పెంచుతున్నారు. పిల్లలు ఎంత చక్కగా ఉంటారనుకున్నావు!

పొట్టంటావా, నులిపురుగులేమో. చెమటంటావా, నువ్వు వాడి మీద ఎన్ని ఉన్ని దుప్పట్లు కప్పుతావో నాకు తెలియదా? చిన్నప్పుడు నీ బొమ్మకు కూడా ఊపిరాడనిచ్చేదానివి కాదు.

గట్టిగా ఉండు. నువ్వు మెత్తబడితే వాడు గెలుస్తాడు.

బోలెడు ముద్దులతో,
తూరి

---

ఫారో దీవులు, 25 నవంబరు 1962

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

మొదట్లో ఏడ్చాడు. అత్తమ్మ నా గది గుమ్మంలో కుర్చీ వేసుకుని అల్లుకుంటూ కూర్చుంది, నేను లేవకుండా. తర్వాత్తర్వాత ఏడుపు తగ్గింది. ఒక రాత్రి అసలు లేవలేదు. పొద్దున్న ఆలస్యంగా, మందంగా లేచాడు గానీ లేచాడు. అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది. నేనూ సంతోషించాను. ఎన్నాళ్ళకో ఒక్క మెలకువ లేకుండా పడుకున్నాను మరి.

పోయిన గురువారం పొద్దున్న పొయ్యి రాజేసి వాణ్ణి లేపడానికి వెళ్ళాను. లేవలేదు. చెక్కలా బిగుసుకుని ఉన్నాడు. పెదవులు తెల్లగా, జుట్టంతా తడి. ఒక చెయ్యి మాత్రం కొట్టుకుంటోంది, రేవులో పడేసిన చేపలా. నేను అరిచానో లేదో నాకే తెలీదు. చేతికి అందింది రేవల్చిన్ని కాడల తీపి జాము గిన్నె. వేలితో తీసి చిగుళ్ళకు రాశాను. మళ్ళీ రాశాను. అత్తమ్మ వెనక నిలబడి "దేవుడా దేవుడా" అంటోంది. చాలాసేపటికి చప్పరించాడు. తర్వాత కళ్ళు తిప్పాడు. ఆ తర్వాత "ఇంకా" అన్నాడు.

పెద్ద దీవి నుంచి డాక్టరు పడవలో వచ్చాడు. వచ్చేటప్పటికి వీడు బల్ల కింద పిల్లితో ఆడుకుంటున్నాడు. "జ్వరం ఫిట్సు" అన్నాడు. జ్వరం లేదండీ అన్నాను. "వచ్చి పోయుంటుంది" అన్నాడు. తర్వాత పొట్ట నొక్కి చూస్తూ చూస్తూ మాట ఆపేశాడు. కుడి పక్కటెముకల కింద నుంచి బొడ్డు దాకా గట్టిగా ఉందట. నా చెయ్యి పట్టుకుని తాకించాడు. నున్నగా, రాయిలా ఉందక్కా. ఇన్నాళ్ళూ నేను ముద్దులు పెట్టింది దాని మీదా!

"కార్జమో, కార్జం మీద గడ్డో" అన్నాడు. పెద్ద దీవి పట్నంలోని ఆస్పత్రిలో కోసి చూడాలట. జనవరిలో పడక ఇస్తామన్నారు.

రాత్రి పాలు మళ్ళీ మొదలుపెట్టనా అని అడిగాను. "ఫిట్సుకూ పాలకూ సంబంధం లేదమ్మా" అన్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు. నువ్వు చెప్పు.

సోల్వా

---

కోపెన్‌హాగెన్, 30 నవంబరు 1962

సోల్వా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అంటే ఇంట్లో యుద్ధం నడుస్తోందన్నమాట! బిషప్పు గారు లొంగారా లేదా? నాకు తెలుసు, నీ చెయ్యి పాలగిన్నె మీదకు పోతూ ఉంటుంది. పోనివ్వకు. సగంలో ఆపితే మొదటికే వస్తుందని పత్రికలో మరీ మరీ రాశారు. ఎంత గోల చేసినా వాడికేం కాదు. పిల్లలు మనం అనుకున్నంత సుకుమారులు కారు.

వాడికి ఏనుగుల బొమ్మల పుస్తకం పంపుతున్నాను. ఏనుగు తొండం చూసి ఏమంటాడో రాయి. ఇక్కడ చలి ముదురుతోంది. కాలవ అంచులు గడ్డకట్టాయి. ఇలాగే ఉంటే ఓడలు ఆగిపోతాయంటున్నారు.

పట్టు విడవకు.

నీ తూరి అక్క

---

ఫారో దీవులు, 8 జనవరి 1963

తూరి,

నీ పుస్తకం అందింది. దానితో పాటు నీ ఉత్తరమూ అందింది. "ఎంత గోల చేసినా వాడికేం కాదు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. నేను వాడి పళ్ళ మధ్య వేలు పెట్టి ప్రాణం వెతుక్కున్న సంగతి అంతా రాశాక నువ్వు ఇలా రాస్తావా? నా ఉత్తరం ముట్టలేదా, ముట్టి కూడా రాశావా? ముట్టలేదనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నీకు మళ్ళీ ఉత్తరం రాయలేను. నీకు పిల్లల్లేరు. పత్రికలున్నాయి. నాకు వీడొక్కడు.

రాసేశాను. కొట్టెయ్యను.

పట్నం వెళ్ళొచ్చాం. ఏమైందో మిగతావాళ్ళు నీకు వేరే రకంగా రాస్తారు కనక నేనే చెప్తున్నాను. వార్డులో మంచానికి ఒక పలక తగిలించారు, "ఏమీ పెట్టరాదు" అని. పొద్దున కోత. సాయంత్రం నుంచి నీళ్ళు తప్ప ఏమీ లేదు. నన్ను ఉండనివ్వమంటే, తల్లులుంటే పిల్లలు పేచీ పెడతారన్నారు. తెల్లవారగట్ల వచ్చి నర్సు కాళ్ళావేళ్ళా పడితే చూడనిచ్చింది. చూశాను. మెడ వెనక తడి. కళ్ళు తెరిచి ఉన్నాయి. వాణ్ణి ఎత్తుకుని స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టి, సంచిలో ఉన్న జాము సీసా తీసి సగం పెట్టేశాను. బయట తలుపు బాదుతున్నారు. వీడు నా ఒళ్ళో కూర్చుని వేళ్ళు చప్పరిస్తున్నాడు.

సర్జను చెడ్డవాడు కాదు. అరవలేదు. కుర్చీలో కూలబడి, "అమ్మా, మత్తిచ్చాక ఆ తిన్నది కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాణ్ణి నేను బతికించలేను. నీకు అర్థమవుతోందా?" అన్నాడు. "తినకపోతే చచ్చిపోతాడండీ" అన్నాను. "ఒక్క పూట తినకపోతే ఎవరూ చావరు" అన్నాడు.  నిజంగానే ఎవరూ చావరు కదక్కా? ఉపవాసాలుండే వాళ్ళెంతమంది లేరు!

ఇంటికి పంపేశారు. పడక పాడుచేశానని ఊళ్ళో అందరికీ తెలిసింది. యాల్మర్ ఓడ రేడియోలో మాట్లాడాడు, ఊరంతా వింటుండగా: "నీ పిచ్చి మానుకో సోల్వా, వాడి కడుపులో గడ్డ పెరుగుతోంది." అత్తమ్మ నాతో మాట్లాడ్డం లేదు. గిన్నెలతో మాట్లాడుతోంది.

నేను రాత్రిళ్ళు మళ్ళీ పాలిస్తున్నాను, ఆవిడ పడుకున్నాక. కానీ భయమేస్తోంది. గడ్డ నా పాలతోనే పెరుగుతోందేమో. ఫిబ్రవరి మొదటి వారంలో మళ్ళీ పడక ఇచ్చారు. ఈసారి మంచం దగ్గర అత్తమ్మ కూర్చుంటుంది. నర్సులూ ఒప్పుకున్నారు. నన్ను నమ్మరట. నన్ను నేను నమ్మడం లేదు కనక సరేనన్నాను.

సోల్వా

---

కోపెన్‌హాగెన్, 25 జనవరి 1963

సోల్వా, నా తల్లీ,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత: వాణ్ణి పస్తు ఉంచనివ్వకు. ఎవరు చెప్పినా సరే. ఎవరి కాళ్ళు పట్టుకున్నా సరే, ఎవరి చెయ్యి కొరికినా సరే.

నీ నవంబరు ఉత్తరం నాకు క్రిస్మస్ పండగలో అందింది. ఓడలు మంచులో చిక్కుకుని సంచులన్నీ కలిసిపోయాయి. అది చదివి ఏం చేశానో తెలుసా? కార్డు మీద "సర్జన్లు చెప్పినట్టు విను" అని రెండు ముక్కలు రాసి పడేశాను. ఆ కార్డు నీకు ఇంకా అందకపోతే, అందినప్పుడు పొయ్యిలో వెయ్యి. నిన్న నీ రెండో ఉత్తరం వచ్చింది. పిల్లల్లేరన్నావు. నిజమే అన్నావు. ఆ మాట పక్కన పెట్టు.

ఉత్తరం చదివాక కౌంటర్ దగ్గర నిలబడ్డాను. చిల్లర కింద పడేశాను. డాక్టరమ్మ హోల్క్ అని, పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తారు. రోజూ మా దగ్గర నల్లరొట్టె కొంటారు. "ఏమైంది?" అన్నారు. వెనక బారులో జనం నిలబడి ఉన్నా సరే, అంతా చెప్పేశాను. పొట్ట అన్నాను. ఆవిడ తల ఊపారు. తెల్లవారగట్ల చెమట అన్నాను. రొట్టె సంచి కౌంటర్ మీద పెట్టేశారు. జాము పెడితే లేచాడన్నాను.

"ఎక్కడి వాళ్ళు మీరు?" అన్నారు.

"ఫారో."

"తల్లిదండ్రులిద్దరూ అక్కడి వాళ్ళేనా?"

"అక్కడి వాళ్ళు కాకపోతే ఎక్కణ్ణుంచి వస్తారండీ?"

నన్ను లాక్కుని వెనక గదిలో పిండి బస్తా మీద కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ మాటలు పోకుండా రాస్తున్నాను.

"రక్తంలో చక్కెర ఎప్పుడూ ఉండాలి. మెదడు దాని మీదే బతుకుతుంది. మనం తిన్నప్పుడు మిగిలిన చక్కెరను కాలేయం తనలో దాచుకుంటుంది. తినని వేళల్లో, ముఖ్యంగా నిద్రలో, కొద్దికొద్దిగా తీసి రక్తంలోకి వదులుతుంది. మనం రాత్రంతా ఏమీ తినకుండా పడుకుని పొద్దున్నే లేస్తున్నామంటే అది కాలేయం పెట్టిన తిండి. ఈ బిడ్డ కాలేయానికి దాచుకోవడం వచ్చు, ఇవ్వడం చేతకాదు. తలుపు బెత్తెడు తెరుచుకుని ఇరుక్కుపోతుంది. ఆ బెత్తెడు సందులోంచి వచ్చింది కొన్ని గంటలకు సరిపోతుంది. తర్వాత ఇక రాదు. లోపల మాత్రం పేరుకుపోతూనే ఉంటుంది. అందుకే ఆ పొట్ట. అది గడ్డ కాదు."

"అంటే మా ఊరి మాంసం కొట్టు నిండా సరుకుండి తాళం తెరుచుకోనట్టా?" అన్నాను. "అంతే. ఆ తలుపు ముందు బిడ్డ ఆకలితో పడిపోతున్నాడు" అన్నారు. చెమట అంటే ఒళ్ళు చక్కెర కోసం పెట్టే కేకట.

"కోస్తే ఏమవుతుంది?" అన్నాను.

"కోత దాకా ఎందుకు? కోతకు ముందు పస్తు ఉంచుతారు చూడు. అది చాలు."

సోల్వా, నీ పాలు వాడికి హాని చెయ్యలేదు. నువ్వు పెట్టిన జామే వాణ్ణి నిలబెట్టింది. పగలు తరచుగా పెట్టు. రాత్రి లేపి పెట్టు. మాంసం, చేప బాగా పెట్టు. వాటిలోంచి చక్కెర చేసుకునే వేరే దారి వాడి కాలేయంలో మూసుకుపోలేదట. జబ్బు పోదు. కానీ ఆకలి కానివ్వకపోతే పెరుగుతాడట.

ఇంకొకటి. ఇది పుట్టుకతో వచ్చేదట.  నీ కడుపులో ఉన్న బిడ్డను కూడా మొదటి రోజు నుంచే కనిపెట్టి చూసుకోమన్నారు. ఒక మాట అడిగారు: "మీ ఇళ్ళలో నిద్రలోనే పోయిన పసిపిల్లలు ఎవరైనా ఉన్నారా? ఉండి ఉంటే వాళ్ళూ ఇలాగే, ఆకలితోనే పోయి ఉంటారు." మన ఇంట్లో నాకు తెలిసి లేరన్నాను. ఇది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా వస్తేనే బిడ్డకు వస్తుందట, అలాంటి ఇంట్లో నలుగురు పిల్లల్లో ఒకరికి.

మీ టెలిఫోను లైను తుఫానులో తెగిందన్నారు. డాక్టరమ్మ అక్కడి మీ పట్నం ఆస్పత్రికి ఇవాళే టెలిగ్రాం ఇచ్చారు. ఈ ఉత్తరం ఏ ఓడ దొరికితే ఆ ఓడకు వేస్తున్నాను. రేవు మంచుతో నిండిపోయింది, సోల్వా. ఓడలు కదలడం లేదు. నేను రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను.

తూరి

---

ఫారో దీవులు, 17 ఫిబ్రవరి 1963

అక్కా,

వాడు బతికే ఉన్నాడు. నువ్వు కూడా ముందు అది చదువు.

నీ ఉత్తరం మొన్న అందింది. అంతా అయిపోయాక. నేను జనవరిలో రాసిన మాటకు క్షమించమని అడగను. నువ్వు పక్కన పెట్టమన్నావు, పెట్టాను.

ఏమైందో చెప్తాను. పలక మళ్ళీ తగిలించారు. అత్తమ్మ మంచం పక్కన నిటారుగా కూర్చుంది, చర్చిలో కూర్చున్నట్టు, సంచి ఒళ్ళో పెట్టుకుని. నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపుకు అద్దం ఉంది. నేను దాంట్లోంచి చూస్తూనే ఉన్నాను. వాడు "ఇంకా, ఇంకా" అన్నాడు. ఆవిడ కదల్లేదు. "నిద్రపో" అంది. తర్వాత వాడు అడగడం మానేశాడు. అడగడం మానేసినప్పుడు నేను లేచి తలుపు అద్దానికి ముఖం ఆనించాను. ఆవిడ మాత్రం పడుకున్నాడని దుప్పటి సర్దింది.

బయట తెల్లవారే వేళకు, పక్క మంచాల పిల్లలకు గంజి బండి వచ్చింది. ఆ చప్పుడుకు అత్తమ్మ కునుకులోంచి లేచి వాడి తల నిమిరింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడి మెడ వెనక తాకింది. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆవిడ ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో చెవిలో పేరు పెట్టి పిలిచినట్టు అయింది.

కాఫీలోకి నోట్లో వేసుకునే చక్కెర బిళ్ళలు ఎప్పుడూ ఆవిడ జేబులో ఉంటాయి. ఒకటి తీసి పటపటా కొరికి, ఆ పొడి వాడి పెదవి లోపల పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. నర్సు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. అత్తమ్మ ఆ అమ్మాయిని ఒక్క తోపు తోసింది. గంజి గిన్నెలు కింద పడ్డాయి. నేను లోపలికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. సర్జను వచ్చాడు.

"మీరు కూడానా?" అన్నాడు.

అత్తమ్మ వాణ్ణి గుండెకు అదుముకుని లేచి నిలబడింది. ఆవిడ నీకు తెలుసు కదా, పాస్టరు ఎదురైనా తలెత్తదు. "ఇద్దర్ని ఇలాగే నిద్రపోనిచ్చాను, బాబూ. ఈ తడి నాకు తెలుసు. ఈ చేతులతోనే తుడిచాను. వీణ్ణి మాత్రం నిద్రపోనివ్వను. మీ కత్తి మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

ఇద్దరు! యాల్మర్‌కు ముందు ఇద్దరున్నారని ఈ ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. యాల్మర్‌కు కూడా సరిగ్గా తెలియదనుకుంటాను.

 వాడు నిదానంగా కళ్ళు తెరిచి ఆవిడ జేబులో చెయ్యి పెట్టడం సర్జను చూశాడు.  తర్వాత ఆఫీసులోకి వెళ్ళి ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. మీ డాక్టరమ్మ టెలిగ్రాం. ఆయన వేరే దీవిలో రోగుల్ని చూడ్డానికి వెళ్ళి, తుఫానుకు అక్కడే చిక్కుకుని, ఆ పొద్దున్నే దిగాడట. తెరవని ఉత్తరాల మధ్య అది ఉందట.  "అమ్మా, నేను..." అన్నాడు. అత్తమ్మ "గంజి తెప్పించండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే రాస్తున్నాను.

అత్తమ్మకు చూపు తగ్గింది, అక్షరాలు కనబడవు. నీ ఉత్తరం రాగానే పొయ్యి దగ్గర కూర్చుని "పైకి చదువు" అంది. నేను చదువుతూ పోయాను. ముందుచూపు లేకుండా చదివాను. "నిద్రలోనే పోయిన పసిపిల్లలు" అన్న చోటికి వచ్చాక గానీ నా గొంతుకు తెలియలేదు. "ఆకలి" అన్న మాట నోట్లోంచి సగం వచ్చింది. ఆపేశాను.

ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. "ఆగావేం?" అంది.

"కాగితం తడిసిందత్తమ్మా."

పొయ్యిలో నిప్పు ఎగదోసింది. "వాళ్ళు పోయిన ఏడు కూడా కొట్టు నిండా మాంసం ఉంది, సోల్వా" అంది. "రాత్రి లేచి ఏడిస్తే మాన్పించాను. ఎంత బుద్ధిగా పడుకుంటున్నారో అని అందరూ మెచ్చుకున్నారు. నిజం చెప్పు. నా పిల్లలు ఆకలితో పోయారా?"

అక్కా, నేను లేదన్నాను. ఇది మన అమ్మ వైపు నుంచి వచ్చిన జబ్బని రాసి ఉందన్నాను. మీ రక్తంలో లేదు, నాతోనే ఈ ఇంటికి వచ్చింది, మీ పిల్లలది వేరే జబ్బై ఉంటుంది, ఆ రోజుల్లో గొంతు వాపు ఊరంతా ఉండేది కదా అన్నాను. ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది. నమ్మిందో లేదో తెలియదు. "అయితే తూరిని అడుగు. ఆ డాక్టరమ్మను అడిగి రాయమను" అంది.

అప్పట్నుంచీ ఆవిడ పడుకోవడం లేదు. హానుస్‌కు గిన్నెతో పాలు పట్టే పని నా దగ్గర్నుంచి లాగేసుకుంది. వాడి మెడ కింద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. వాడు కోలుకుంటున్నాడు. ఆవిడ సన్నబడుతోంది. తిండి ముందు పెడితే పళ్ళెం వైపు చూసి లేచిపోతోంది. నాకు ఇప్పుడు వాడి గురించి కన్నా ఆవిడ గురించే భయంగా ఉంది.

ఊరంతా నావల్లే అనుకోనీ. పుట్టబోయే దానికి ఏదైనా వస్తే అదీ నావల్లే అనుకోనీ. నేను మోస్తాను. ఆవిడ మొయ్యలేదు.

ఏం రాయాలో నీకు తెలుసు.

సోల్వా

---

కోపెన్‌హాగెన్, 6 మార్చి 1963

ప్రియమైన చెల్లీ, గౌరవనీయులైన హన్సీనా అత్తమ్మగారూ,

ఈ ఉత్తరం మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

హానుస్ తేరుకున్నాడని తెలిసి ఇక్కడ మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, ట్రామ్ యూనిఫారంలో ఉండగానే. అత్తమ్మగారూ, మీరు ఆ పొద్దున్న చేసిన పని గురించి డాక్టరమ్మ హోల్క్‌కు చెప్పాను. ఆవిడ మీ పేరు అడిగి రాసుకున్నారు.

మీరు అడగమన్న సంగతి అడిగాను. కొట్టు మూసే వేళకు వచ్చి, కూర్చుని, అంతా విని చెప్పారు. ఈ జబ్బు మా అమ్మ వైపు నుంచే వచ్చింది. మీ వైపు దీనికి ఆనవాలు లేదట. మీ ఇద్దరు పిల్లలది ఇది కాదని ఆవిడ గట్టిగా అన్నారు. ఆ రోజుల్లో పసిపిల్లలు గొంతు వాపుతో ఒక్క రాత్రిలో పోయేవాళ్ళట. ఎవరూ ఏమీ చెయ్యగలిగేది కాదట. వాళ్ళకు ఆకలి తెలియలేదు. తల్లి పక్కనే ఉందని మాత్రమే తెలిసి ఉంటుందన్నారు.

కనక మీరు తినాలి. వచ్చే నెల ఇంకో బిడ్డ వస్తోంది. ఆ బిడ్డను కూడా మొదటి రాత్రి నుంచే లేపి తాగించాలని డాక్టరమ్మ అన్నారు. సోల్వా ఒక్కతే ఇద్దరికీ లేవలేదు. బలమున్న మనిషి ఇంకొకరు ఇంట్లో కావాలి.

మంచు కరుగుతోంది. ఓడలు కదిలాయి. నాకు సెలవు దొరికింది, ప్రసవానికి వస్తున్నాను.

సోల్వా, ఈ ఉత్తరం అత్తమ్మగారికి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు.

మీ
తూరి